మస్టరు పట్టుకున్న మనిషి నిలవాలంటే

ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పని తెల్లవారుతూనే మొదలవుతుంది. ఎండ ముదిరేలోపు గడ్డపార, తట్ట పక్కన పెట్టాలి కాబట్టి కూలీలు ఆరు గంటలకల్లా చెరువు దగ్గరికో, గుట్ట కింద కందకాల దగ్గరికో చేరుకుంటారు. వాళ్లకంటే ముందే అక్కడికి వెళ్లి ఎవరు ఎక్కడ తవ్వాలో చూపించాల్సిన మనిషి ఫీల్డ్ అసిస్టెంటు. కూలీల హాజరు పట్టీ అయిన మస్టరు ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. హాజరు వేయడం, ఫొటోలు యాప్‌లోకి ఎక్కేలా చూడడం, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి పేరు జాబ్ కార్డులో చేర్పించడం, "పోయిన నెల డబ్బులు ఇంకా పడలేదు నాయనా" అని అడిగే ముసలామెకు ఎందుకు పడలేదో కనుక్కుని చెప్పడం, కాగితాలు మండల ఆఫీసుకు చేర్చడం, ఇవన్నీ ఆ ఒక్కరి పనే. పని హక్కు చట్టం కూలీకి మొదట కనిపించేది ఆ మనిషి రూపంలోనే.

ఈ పథకం దేశంలో మొదలైందే తెలుగు నేల మీద. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించారు. మొదటి విడతలో 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నీ దీని కిందికి వచ్చాయి. చాలా రాష్ట్రాలు గ్రామ రోజ్‌గార్ సహాయక్ అనే ఉద్యోగిని ఇక్కడ ఫీల్డ్ అసిస్టెంటు అన్నారు. ఊళ్లో అది ఎఫ్‌ఏ అయింది. ఈ ఇరవై ఏళ్లలో కూలి రేటు పెరిగింది. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది రోజుకు 307 రూపాయలు. సాఫ్ట్‌వేర్లు మారాయి, చెల్లింపుల పద్ధతి మారింది. ఎఫ్‌ఏ ఉద్యోగం మాత్రం మొదటి రోజు ఎంత గాలిలో దీపంలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ సిబ్బంది ఎందుకు నిలవడం లేదని అడిగితే జీతం చాలక అనే జవాబే ముందు వస్తుంది. జీతం చాలదన్నది నిజం. దాని కింద ఇంకో కారణం ఉంది, దాని గురించి మాట్లాడుకునేది తక్కువ. ఈ ఉద్యోగంలో పదేళ్లు చేసినవారికీ పది నెలలు చేసినవారికీ లెక్కలో తేడా లేదు. ఎండలో, వానలో, తిట్లు తింటూ నేర్చుకున్నది ఎవరి ఖాతాలోనూ జమ కావడం లేదు. నేర్చుకున్నదానికి విలువ లేని చోట మంచివాళ్లు ముందు వెళ్లిపోతారు. వేరే దారి లేనివాళ్లు మిగులుతారు. జీతం, శిక్షణ, పదోన్నతి, క్రమశిక్షణ అన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ పెట్టి చూస్తే తప్ప పరిష్కారం దొరకదు.

ఊరి లెక్క తెలిసిన మనిషి

ఎఫ్‌ఏకు కావాల్సిన తెలివి రెండు రకాలు. ఒకటి నేర్పితే వచ్చేది: కొలతలు, మస్టరు రాయడం, యాప్ వాడడం, ఏ పనికి ఎంత మట్టి తీస్తే పూర్తి కూలి పడుతుందో లెక్కగట్టడం. రెండోది ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటే తప్ప రానిది. పాలమూరు పల్లెల్లో ఎవరు ముంబై నుంచి తిరిగొచ్చారు, ఎవరు మళ్లీ సుగ్గికి, అంటే వలస పనికి, పోతున్నారు, ఏ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడి కొత్త జాబ్ కార్డు అవసరమైంది, భర్త వదిలేసిన ఏ ఆడమనిషి పేరు ఇంకా అత్తగారి కార్డులోనే ఉండిపోయింది, ఆధార్‌లో ఒక స్పెల్లింగూ బ్యాంకులో ఒక స్పెల్లింగూ ఉన్న ఏ కూలీకి డబ్బు వెనక్కి పోతోంది, ఇవి ఏ కంప్యూటరులోనూ ఉండవు. ఆదిలాబాద్ గోండు గూడెంలోనో, పాడేరు కొండల మీదో పనిచేసే ఎఫ్‌ఏకు అక్కడి భాష వచ్చి ఉండడమే సగం అర్హత.

2022-23 ఒక్క ఏడాదిలో దేశవ్యాప్తంగా 5 కోట్ల 18 లక్షల మంది కూలీల పేర్లు ఉపాధి హామీ జాబితాల నుంచి తొలగించినట్టు కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అంతకుముందు ఏడాది ఆ సంఖ్య కోటిన్నర దగ్గర ఉంది. చనిపోయారని, ఊరు వదిలి వెళ్లారని, పని వద్దన్నారని, కార్డు నకిలీదని, ఇలా కారణాలు రాశారు. ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి "ఈ మనిషి నిజంగా లేదా?" అని తేల్చాలంటే ఆ ఊరు తెలిసిన, తీరిక ఉన్న, పైనుంచి ఒత్తిడి వచ్చినా కాదనగల మనిషి కావాలి. నిన్న చేరి రేపు ఉంటుందో పోతుందో తెలియని ఉద్యోగికి ఆ ధైర్యం ఉండదు. టార్గెట్ ఇచ్చిన రోజున జాబితా మీద గీత పెట్టేయడం అతనికి సులువు. ఆ గీత కింద ఉన్న కూలీ మాత్రం మళ్లీ పేరు ఎక్కించుకోవడానికి నెలల తరబడి తిరగాలి. సిబ్బంది నిలకడకూ కూలీ హక్కుకూ మధ్య ఉన్న లంకె ఇక్కడ తిన్నగా కనిపిస్తుంది.

2020లో తెలంగాణలో జరిగింది

ఎఫ్‌ఏల వ్యవస్థను మొత్తంగా తీసేస్తే ఏమవుతుందో చూపించే అనుభవం తెలంగాణలో ఉంది. 4779 నంబరు సర్క్యులర్ ఒకటి వచ్చింది. పని దినాల లెక్కన ఫీల్డ్ అసిస్టెంట్లను వర్గాలుగా విడగొట్టి, తక్కువ చూపించినవారి కొనసాగింపును ప్రశ్నలో పెట్టింది. దాన్ని రద్దు చేయాలంటూ 2020 మార్చిలో ఎఫ్‌ఏలు సమ్మెకు దిగారు. ప్రభుత్వం సమ్మెలో ఉన్నవారిని తొలగించింది. ఏడు వేలకు పైగా మంది ఒక్కసారిగా ఉద్యోగం పోగొట్టుకున్నారు. అదే నెలాఖరున లాక్‌డౌన్ వచ్చింది. పట్నాల నుంచి జనం ఊళ్లకు తిరిగొచ్చారు. దేశంలో ఉపాధి పనికి ఎన్నడూ లేనంత గిరాకీ వచ్చిన సంవత్సరం అది. 2020-21లో దేశం మొత్తం మీద దాదాపు 389 కోట్ల పని దినాలు నమోదయ్యాయి.

తెలంగాణలో ఆ వేసవి పనులు ఆగిపోలేదు. ఈ మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఎఫ్‌ఏ లేకపోతే పథకమే లేదనడం సరికాదు. పనులు నడిచాయి, ఎందుకంటే ఆ బరువు పంచాయతీ కార్యదర్శుల భుజాల మీద పడింది. వాళ్లలో ఎక్కువమంది 2019లో 15 వేల రూపాయల జీతంతో, మూడేళ్ల ప్రొబేషన్ మీద చేరిన జూనియర్ కార్యదర్శులు. పారిశుధ్యం, పన్నుల వసూలు, నర్సరీ, హరితహారం మొక్కలు, పల్లె ప్రగతి నివేదికలు అప్పటికే వాళ్ల నెత్తిన ఉన్నాయి. వాటి మీద మస్టర్లు, పని కొలతలు, కూలీల డిమాండు వచ్చి చేరాయి. ఒక బలహీనమైన ఉద్యోగం తీసేసి దాని పనిని ఇంకో బలహీనమైన ఉద్యోగం మీద పెట్టారు. 2023 ఏప్రిల్, మే నెలల్లో ఆ జూనియర్ కార్యదర్శులే తమను క్రమబద్ధం చేయాలని సమ్మెకు దిగడం ఈ వరసలో చూడాల్సిన విషయం.

2022 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో ఎఫ్‌ఏలను తిరిగి తీసుకుంటామని ప్రకటించారు. ఆగస్టులో వాళ్లు విధుల్లో చేరారు. మధ్యలో గడిచింది రెండేళ్ల ఐదు నెలలు. ఆ కాలంలోనే పథకం నడక మారిపోయింది. 2021 మేలో కేంద్రం ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తెచ్చింది. 2022 మే నుంచి 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా దాన్ని తప్పనిసరి చేసింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి వాడిన సొంత సాఫ్ట్‌వేర్ వదిలి కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు మారాల్సి వచ్చింది. తిరిగొచ్చిన ఎఫ్‌ఏకు ఊరు తెలుసు, కొత్త పద్ధతి తెలియదు. కార్యదర్శికి కొత్త పద్ధతి కొంత వచ్చు, ఊరు అంతగా తెలియదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకరిది ఒకరికి అప్పగించే ఏర్పాటు ఒక్క నెల పెట్టుకున్నా ఎంతో మేలు జరిగేది.

ఆంధ్రప్రదేశ్‌లో సమస్య ఇంకో రూపంలో ఉంది. అక్కడ మూకుమ్మడి తొలగింపు కంటే, ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఊరూరా ఎఫ్‌ఏను మార్చాలనే ఒత్తిడి ఎక్కువ. పార్టీ ఏదైనా ఈ అలవాటు మారలేదు. ఎఫ్‌ఏ అంటే ఊళ్లో మనవాడు ఉండాల్సిన కుర్చీ అని గ్రామ నాయకత్వం అనుకుంటుంది. తొలగించాలంటే పని దినాలు తగ్గాయని ఒక నోటీసు, లేదా పాత ఆడిట్ అభ్యంతరం ఒకటి బయటికి తీస్తే చాలు. కొందరు హైకోర్టుకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అందరికీ ఆ స్తోమత ఉండదు. ఐదేళ్లకోసారి పోతుందని ముందే తెలిసిన ఉద్యోగంలో ఎవరైనా ఎంత మనసు పెడతారు? ఆ ఐదేళ్లలో ఎంత వస్తే అంత అనే బుద్ధి పుట్టడానికి ఈ పద్ధతే చోటిస్తోంది. అవినీతి గురించి ఆందోళన పడేవాళ్లంతా మొదట చూడాల్సింది ఇదే.

జీతం ఎక్కడి నుంచి వస్తుంది

ఉపాధి హామీ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అవసరమైన సిబ్బందిని, సాంకేతిక సహాయాన్ని సమకూర్చడం రాష్ట్ర ప్రభుత్వం బాధ్యత. డబ్బు మాత్రం వేరే దారిలో వస్తుంది. పథకం మీద అయ్యే ఖర్చులో 6 శాతం వరకు పరిపాలనా ఖర్చు కింద కేంద్రం ఇస్తూ వచ్చింది. ఎఫ్‌ఏ నుంచి మండలంలో పథకాన్ని చూసే ఏపీఓ, కంప్యూటర్ ఆపరేటరు, టెక్నికల్ అసిస్టెంటు, జిల్లా ఆఫీసు, కరెంటు బిల్లు, ప్రయాణం, శిక్షణ, అన్నీ ఆ 6 శాతంలోనే సర్దుకోవాల్సి వచ్చేది.

ఒక పంచాయతీలో ఏడాదికి 50 లక్షల రూపాయల పని జరిగిందనుకుందాం. అందులో 6 శాతం 3 లక్షలు. వానలు బాగా పడి, లేదా పనుల మంజూరు ఆలస్యమై, మరుసటి ఏడాది పని 20 లక్షలకు పడిపోతే 6 శాతం లక్షా 20 వేలు. నెలకు 10 వేల చొప్పున ఒక్క ఎఫ్‌ఏ జీతానికే అది సరిపోతుంది, పై సిబ్బందికి ఒక్క రూపాయి మిగలదు. నిజానికి ఈ డబ్బును పంచాయతీలవారీగా విడగొట్టరు, రాష్ట్రం మొత్తంగా కలిపి వాడతారు. కానీ పైనుంచి కిందికి వచ్చే ఒత్తిడి సరిగ్గా ఈ లెక్క ప్రకారమే నడుస్తుంది. పని దినాలు పెంచు, లేకపోతే నీ జీతం నువ్వే కోసుకున్నట్టు.

ఇందులో రెండు నష్టాలున్నాయి. పని తక్కువ దొరికే ఊళ్లు చాలావరకు చిన్న తండాలు, గూడేలు. దూరంగా ఉంటాయి, పని డిమాండు రాతలో పెట్టించేవాళ్లు ఉండరు. అలాంటి చోటే కూలీల వెనక నిలబడే మనిషి ఎక్కువ అవసరం. లెక్క మాత్రం అక్కడి ఎఫ్‌ఏనే ముందు తీసేయమంటుంది. గతంలో పని దినాలు తక్కువ ఉన్నచోట ఎఫ్‌ఏ బదులు సీనియర్ మేట్‌తో, అంటే కూలీల గుంపును నడిపించే మనిషితో, సరిపెట్టారు కూడా. రెండోది, జీతాన్ని పని దినాలతో కడితే రాని కూలీకి హాజరు వేయాలనే ఆశ పుడుతుంది. ఒక చేత్తో ఆ ఆశ పెట్టి, ఇంకో చేత్తో ఆడిట్ రికవరీ రాయడం, అంటే ఆ సొమ్ము తిరిగి కట్టమనడం, న్యాయం కాదు.

జీతం ఎంత అన్నదానికంటే ఎప్పుడు వస్తుందన్నది చాలామందికి పెద్ద టెన్షన్. కేంద్రం నుంచి పరిపాలనా నిధులు ఆలస్యమైతే రెండు మూడు నెలల జీతం ఆగిపోవడం తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ మళ్లీ జరిగింది. చట్టం ప్రకారం కూలీకి మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం చొప్పున ఆలస్య పరిహారం ఇవ్వాలి. ఆ గడువు తప్పకుండా చూడాల్సిన ఉద్యోగి జీతానికి మాత్రం గడువు లేదు, పరిహారం లేదు. సొంత బండి, సొంత పెట్రోలు, సొంత ఫోను, సొంత డేటాతో పనిచేసే మనిషికి మూడు నెలలు జీతం ఆగితే అప్పు ఊళ్లోనే చేయాలి. ఊళ్లో ఎవరి దగ్గర అప్పు చేస్తే వారి మాట వినాలి. ఆలస్యమైన జీతం ఎఫ్‌ఏ స్వతంత్రతను ఇలా తినేస్తుంది.

ఇక్కడ రెండు ఉదాహరణలు పనికొస్తాయి. మధ్యప్రదేశ్‌లో 2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రోజ్‌గార్ సహాయకుల గౌరవ వేతనాన్ని 9 వేల నుంచి 18 వేలకు పెంచుతున్నట్టు ప్రకటించారు. రాష్ట్రం తలచుకుంటే కేంద్రం ఇచ్చే శాతానికి తన సొమ్ము కలపవచ్చని అది చూపింది. తెలంగాణలో అదే ఏడాది ఏప్రిల్ నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్‌లో పనిచేసే దాదాపు నాలుగు వేల మందికి పేస్కేలు వచ్చింది. మహిళా సంఘాలతో పనిచేసే వాళ్లకూ, అవే ఇళ్ల ఆడవాళ్లకు పని కల్పించే ఎఫ్‌ఏలకూ మధ్య అంత తేడా ఎందుకుండాలో చెప్పే కారణం కనపడదు. ఉపాధి హామీలోనే మండల స్థాయి సిబ్బందిని ఫిక్స్‌డ్ టెన్యూర్ ఉద్యోగులుగా, అంటే ఎఫ్‌టీఈలుగా చూస్తారు. ఎఫ్‌ఏ ఆ గీతకు బయట ఉండిపోయారు. మమ్మల్ని ఎఫ్‌టీఈలుగా గుర్తించండి అనే వాళ్ల కోరిక అందుకే పాతబడలేదు.

యాప్, ప్రజావేదిక, రికవరీ

2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పని ప్రదేశాల్లోనూ రోజుకు రెండుసార్లు, సమయం, చోటు నమోదయ్యే ఫొటోలతో హాజరు తప్పనిసరి అయింది. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపులు తప్పనిసరి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈ హాజరు యాప్‌ను పక్కదారి పట్టిస్తున్నారని రాష్ట్రాలకు రాసింది. ఫొటోకు ఫొటో తీసి పెడుతున్నారని, సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని అందులో ఉంది. పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ పరిశీలించాలని చెప్పింది. ఉద్దేశం మంచిదే. దొంగ హాజరు వల్ల నష్టపోయేది నిజంగా చెమటోడ్చే కూలీ. కానీ ఒక్కో నిబంధనా ఒక్కో గంట తింటుంది. ఆ గంటలు ఎవరివో ఎవరూ లెక్క వేయలేదు. ఏజెన్సీలో సిగ్నల్ దొరకని చోట తీసిన ఫొటోను సిగ్నల్ ఉన్న చోటికి నడిచి వచ్చి ఎక్కించాలి. యాప్ మొరాయించిన రోజు కూలీల కోపం తగిలేది ఎదురుగా ఉన్న మనిషికే. రెండో ఫొటో కోసం పని అయిపోయినా కూర్చోబెట్టారని తిట్టేది కూడా ఆ మనిషినే. కొత్త నిబంధన తెచ్చిన ప్రతిసారీ పాత పని ఒకటి తీసేయాలి, లేదా ఆ పనికి మేట్‌కు శిక్షణ ఇచ్చి పంచాలి. ఇప్పటిదాకా కలపడమే ఎక్కువ జరిగింది.

సామాజిక తనిఖీ విషయం ఇంతకంటే సున్నితమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇందులో దేశానికి దారి చూపింది. 2009లో సామాజిక తనిఖీకి విడిగా ఒక సొసైటీనే పెట్టింది. తనిఖీ బృందాలు ఇంటింటికీ తిరిగి కూలీలను అడగడం, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ లెక్క చదవడం గొప్ప ఏర్పాటు. దొంగ మస్టర్లు రాసి కూలీల సొమ్ము తిన్న ఎఫ్‌ఏలు అక్కడ బయటపడ్డారు, వాళ్ల మీద చర్యలూ జరిగాయి. జరగాలి కూడా. సిబ్బందికి భద్రత కావాలని అడిగేవాళ్లు ఈ తనిఖీని బలహీనం చేయాలని అడిగితే అది కూలీలకు ద్రోహం.

ప్రజావేదికలో సరిచేయాల్సింది వేరే ఉంది. దొంగతనమూ, పొరపాటూ ఒకే తూకంలో పడుతున్నాయి. కందకం లోతు కొలతలో తేడా వస్తే రికవరీ. వానకు గట్టు కోసుకుపోయి మూడు నెలల తర్వాత కొలిస్తే తక్కువ వచ్చినా రికవరీ. వేలిముద్ర ఉండాల్సిన చోట సంతకం ఉన్నా అభ్యంతరమే. కొలత పుస్తకంలో రాసేది టెక్నికల్ అసిస్టెంటు, ఆమోదించేది ఇంకా పైవారు. ఊళ్లో దొరికేది మాత్రం ఎఫ్‌ఏ. పదివేల జీతం మనిషి మీద వేల రూపాయల రికవరీ రాస్తే రెండే దారులు మిగులుతాయి: ఉద్యోగం వదిలేయడం, లేదా ఆ డబ్బు మళ్లీ మస్టరులోంచే రాబట్టుకోవడం. అభ్యంతరాలను మొదటే రెండుగా విడగొట్టాలి. డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందో తేలినవి ఒక పక్క, రాతలో, కొలతలో వచ్చిన తప్పులు ఇంకో పక్క. రెండో రకానికి మొదటిసారి శిక్షణ, రెండోసారి హెచ్చరిక, ఆ తర్వాతే కోత ఉండాలి. తొలగించాలంటే రాతపూర్వకంగా కారణం చెప్పి, జవాబు విని, నెల రోజుల్లో జిల్లా స్థాయిలో అప్పీలు తేల్చాలి. ఈ ఏర్పాటు ఉంటే రాజకీయ కారణంతో తీసేయడం కూడా తనంతట తానే కష్టమవుతుంది.

నేర్పడం, ఎదగనివ్వడం

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో దేశానికంతటికీ గ్రామీణాభివృద్ధి పాఠాలు చెప్పే జాతీయ సంస్థ ఎన్ఐఆర్‌డీపీఆర్ ఉంది. రెండు రాష్ట్రాలకూ సొంత శిక్షణ సంస్థలున్నాయి. అయినా పాఠం జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి ఊరికి వచ్చేసరికి పలచబడిపోతుంది. ఎఫ్‌ఏకు చేరేది చాలాసార్లు ఒక పూట సమావేశం, ఒక వాట్సాప్ మెసేజ్. మండల సమావేశాల్లో ఎక్కువసేపు నడిచేది టార్గెట్ల చర్చే. ఎవరి పని దినాలు తగ్గాయో నిలబెట్టి అడగడంతో పూట గడిచిపోతుంది.

ఇక్కడ పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి ఉన్నాయి. కొత్తగా చేరిన ఎఫ్‌ఏను పక్క ఊరి పాత ఎఫ్‌ఏతో ఒక వ్యవసాయ సంవత్సరం జత చేయాలి. వానాకాలం మొక్కలు నాటడం, కోతల తర్వాత పని అడగడం, వేసవిలో పూడికతీత, ఈ మూడు కాలాలూ ఒక్కసారి చూస్తే తప్ప పని చేతికి రాదు. పాత ఎఫ్‌ఏకు దీనికోసం నెలకు కొంత అదనంగా ఇవ్వాలి, అప్పుడే అనుభవానికి లెక్కలో విలువ కట్టినట్టు. ఎనిమిది పది ఊళ్ల ఎఫ్‌ఏలు నెలకోసారి టార్గెట్ల మాట లేకుండా కూర్చుని ఆ నెల ఎదురైన చిక్కులు చెప్పుకోవాలి. వెనక్కి వచ్చిన చెల్లింపును ఒకరు ఎలా తిరిగి రప్పించారో, పని అడిగితే తేదీ వేసిన రసీదు ఇవ్వకపోవడం వల్ల, పని దొరకనప్పుడు రావాల్సిన నిరుద్యోగ భృతి హక్కు ఎలా పోయిందో, ఇలాంటివి పుస్తకంలో చదివితే గుర్తుండవు. పక్క ఊరి మనిషి నోట వింటే గుర్తుంటాయి.

ఎదుగుదల విషయంలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. అంగన్‌వాడీ కార్యకర్తకు ఐదేళ్ల అనుభవం ఉంటే సూపర్‌వైజరు పోస్టుకు పోయే దారి ఉంది. కేంద్ర నిబంధనలు ఆ పోస్టుల్లో సగం అలా నింపమంటున్నాయి. ఉపాధి హామీలోనే బేర్‌ఫుట్ టెక్నీషియన్ అనే ఏర్పాటు వచ్చింది. పదో తరగతి చదివిన కూలీల ఇళ్ల యువతకు మూడు నెలలు శిక్షణ ఇచ్చి, చిన్న పనులకు అంచనా వేయడం, కొలవడం నేర్పాలని దాని ఉద్దేశం. ఏళ్లుగా మట్టి పని చూసిన ఎఫ్‌ఏలకు అదే శిక్షణ ఇచ్చి, టెక్నికల్ అసిస్టెంట్ల పక్కన ఇంకో మెట్టు పెట్టవచ్చు. టెక్నికల్ అసిస్టెంట్లలో చాలామంది సివిల్ డిప్లొమానో, ఇంజినీరింగో చదివి, ఒక పక్క పోటీ పరీక్షలకు చదువుకుంటూ పనిచేస్తున్నవాళ్లు. వాళ్లు వెళ్లిపోవడం సహజం. వాళ్లు వెళ్లినప్పుడల్లా ఖాళీ అయ్యే కొలతల పనిని చేయగల మనిషి ఊళ్లోనే ఉన్నారు. ఆ మనిషి చేతికి ఒక సర్టిఫికెట్ కావాలి, అంతే. ఐదేళ్ల ఎఫ్‌ఏకు సీనియర్ ఎఫ్‌ఏ హోదా, పదేళ్లకు పంచాయతీ రాజ్ శాఖలోని కింది పోస్టుల్లో కొంత వాటా అని రాతలో పెడితే ఉద్యోగం వదిలేద్దామనుకునే మనిషి ఇంకో ఏడాది ఆగుతారు.

మహిళా ఎఫ్‌ఏల గురించి కొంచెం విడిగా చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి పనికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. వాళ్ల మధ్య ఒక ఆడమనిషి ఎఫ్‌ఏగా ఉంటే పని చోట నీడ లేదని, మందులు లేవని, చంటిబిడ్డను చూసుకునే ఆయా లేదని చెప్పుకోవడానికి జంకు ఉండదు. చట్టం ఈ వసతులన్నీ ఇవ్వమంటుంది. కానీ ఆడవాళ్లు ఈ ఉద్యోగంలో ఉండలేకపోవడానికి కారణాలు చాలావరకు చిన్నవిగా కనిపించేవి: చీకటి పడ్డాక మండల సమావేశం ముగియడం, బండి లేకపోవడం, ప్రసూతి సెలవు పెడితే తిరిగొచ్చేసరికి ఆ చోటులో ఇంకొకరు ఉండడం. సమావేశం మధ్యాహ్నం మూడింటికి ముగించడానికి బడ్జెట్ అక్కర్లేదు. ప్రసూతి సెలవులో ఉన్న మనిషి చోటును ఖాళీగా చూపించకూడదని ఒక్క వాక్యం ఉత్తర్వులో చేరిస్తే చాలు.

కొత్త చట్టం, పాత ప్రశ్న

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. వికసిత్ భారత్ పేరుతో వచ్చిన ఈ గ్రామీణ రోజ్‌గార్, ఆజీవికా హామీ చట్టం ఒక్కో కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పని దినాలను 100 నుంచి 125కు పెంచింది. ఖర్చులో రాష్ట్రాల వాటాను చాలా రాష్ట్రాలకు 40 శాతం చేసింది. సాగు పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో 60 రోజుల వరకు పథకం పనులు ఆపడానికి వీలిచ్చింది. హక్కు బలపడిందా, తగ్గిందా అన్న పెద్ద చర్చ నడుస్తోంది, నడవాల్సిందే. సిబ్బంది సంగతిలో అందులో ఉన్న ముఖ్యమైన మార్పు పరిపాలనా ఖర్చు పరిమితిని 6 శాతం నుంచి 9 శాతానికి పెంచడం. సిబ్బంది, వేతనాలు, శిక్షణ, సాంకేతిక సామర్థ్యం కోసమని కేంద్రం చెప్పింది.

ఈ 3 శాతం ఎవరికి చేరుతుందన్నదే ఇక చూడాల్సిన విషయం. కొత్త యాప్‌లు, బయోమెట్రిక్ పరికరాలు, రాష్ట్ర స్థాయి కన్సల్టెంట్లు ముందు వరసలో నిలబడతారు, ఎందుకంటే వాళ్లకు ఆఫీసులో కుర్చీ ఉంది. ఎఫ్‌ఏ ఆ వరసలోనే లేరు. 60 రోజులు పనులు ఆపినప్పుడు ఎఫ్‌ఏ జీతం ఆగుతుందా లేదా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. జీతం పని దినాలతో కట్టి ఉంటే ఏడాదికి రెండు నెలలు ఈ ఉద్యోగులు కూలికి పోవాలి. దానికి బదులు ఆ 60 రోజులనే శిక్షణకు, జాబ్ కార్డుల పరిశీలనకు, వచ్చే ఏడాది పనుల ప్రణాళికకు కేటాయిస్తే, మిగతా పది నెలల్లో ఎప్పుడూ దొరకని తీరిక అక్కడ దొరుకుతుంది. వానలు పడి కూలీలంతా నాట్లలో ఉన్న రోజుల్లో ఎఫ్‌ఏ ఇంటింటికీ వెళ్లి పేర్లు సరిచూసుకోవచ్చు.

రెండు రాష్ట్రాలూ కొత్త చట్టానికి తగ్గట్టు తమ సొంత పథకాన్ని, నిబంధనలను రాసుకోవాలి. ఆ ముసాయిదాలో ఎఫ్‌ఏ అనే మాట ఎన్ని చోట్ల వస్తుందో, వచ్చిన చోట్ల బాధ్యతల పేరాలోనే వస్తుందా, సర్వీసు, జీతం తేదీ, శిక్షణ, అప్పీలు పేరాల్లోనూ వస్తుందా అన్నది కూలీ సంఘాలు, సర్పంచులు, ఎఫ్‌ఏల సంఘాలు దగ్గరుండి చూసుకోవాలి. నెల మొదటి వారంలో జీతం పడకపోతే ఎఫ్‌ఏకూ కూలీలకు ఇచ్చే 0.05 శాతం పరిహారమే ఇస్తామని ఒక్క నిబంధన రాయమని అడగడం దగ్గర మొదలుపెట్టవచ్చు.